మార్కెటింగ్ అనలిటిక్స్ మాస్టర్స్: చదువుకి నాలుగు స్టార్లు, కెరీర్ సెల్‌కి రెండు

ముందే చెప్తున్నా, ఇది కడుపుమంటతో రాస్తున్న రివ్యూ కాదు. ఉద్యోగం వచ్చింది, చేస్తున్నా, పని నచ్చింది కూడా. కాకపోతే చేరేముందు నేను చదివిన రివ్యూలన్నీ రెండే రకాలు. మొదటి నెలలో క్యాంపస్ చూసి మురిసిపోయి రాసినవి కొన్ని, ఉద్యోగం రాక తిట్టిపోసినవి కొన్ని. పట్టా చేతికొచ్చిన రోజుకీ ఆఫర్ లెటర్ వచ్చిన రోజుకీ మధ్యలో ఏం జరుగుతుందో రాసినవాళ్లు ఎక్కడా కనపడలేదు. నాకు ఆ మధ్యకాలం ఏడు నెలలు. యూనివర్సిటీ పేరు రాయను. వేరేచోట్ల ఇదే డిగ్రీ చేసిన స్నేహితులని కదిపితే చాలావరకు ఇదే కథ చెప్పారు, అలాంటప్పుడు ఒక్కళ్లని పట్టుకుని ఉతకడం న్యాయం కాదు.

చదువు మాత్రం గట్టిది. స్టాటిస్టిక్స్, రిగ్రెషన్ (ఏది మారితే ఏది ఎంత మారుతుందో కట్టే లెక్క), ప్రయోగాలు ఎలా డిజైన్ చేయాలో చెప్పే పేపరు, ఈ మూడూ ఒళ్లు వంచి చేయించారు. కొత్త వస్తువు జనంలోకి ఎలా పాకుతుందో చెప్పే బాస్ మోడల్ (1969 నాటిది, ఇప్పటికీ పనికొస్తుంది) దగ్గర్నుంచి, ఒక కస్టమర్ ఇంకా మనతోనే ఉన్నాడా లేక చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాడా అని అంచనా కట్టే ఫేడర్, హార్డీ, లీ అనే ముగ్గురి 2005 నాటి మోడల్ దాకా, ఒక లైను కోడ్ రాసి వదిలేయకుండా లెక్క లోపలికి దింపారు. అన్నిటికంటే బాగా గుర్తున్నది ఈబే ప్రయోగం మీద జరిగిన క్లాసు. తమ పేరు టైపు చేసి వెతికేవాళ్లకి చూపించే సెర్చ్ యాడ్స్‌ని ఈబే వాళ్లు ఆపేసి చూశారు. చూస్తే ఆ క్లిక్కులు దాదాపు అన్నీ ఫ్రీగా కనపడే మామూలు లింకు మీదకే వెళ్లాయి. అంటే ఎలాగూ మన గుమ్మంలోకి వస్తున్న మనిషిని పిలుచుకురావడానికి డబ్బులు కట్టారన్నమాట. బ్లేక్, నాస్కో, టాడెలిస్ రాసిన ఆ పేపరు 2015లో ఎకనామెట్రికా అనే జర్నల్‌లో వచ్చింది. యాడ్ తర్వాత అమ్మకం జరిగిందంటే యాడ్ వల్లే జరిగిందని కాదు, ఈ ఒక్క ముక్క బుర్రలోకి ఎక్కించినందుకైనా ఫీజులో సగం గిట్టుబాటు అయినట్టే.

ఒక స్టారు ఎందుకు కోశానంటే డేటా. క్లాసులో ఇచ్చే ఫైళ్లు ఉతికి ఆరేసి ఇస్త్రీ చేసి మడతపెట్టిన బట్టల్లా ఉంటాయి. ఒక్క టేబులు, వరుసకో కస్టమరు, ఖాళీ గడులు ఉండవు, తేదీలన్నీ ఒకే పద్ధతిలో. దాన్ని పైథాన్‌లోకి లాగడం, మోడల్ తోలడం, మార్కులు తెచ్చుకోవడం. టేబుల్స్‌లోంచి డేటా తీసే భాష ఎస్‌క్యూఎల్‌కి మొత్తం మీద మూడు వారాలు ఇచ్చారు. బయట ఇంటర్వ్యూల్లో మొదట అడిగేది అదే. ఇంకో విడ్డూరం, వెబ్ అనలిటిక్స్ పాఠం మొత్తం, సైటుకి వచ్చేవాళ్లని లెక్కపెట్టే గూగుల్ పాత టూల్ యూనివర్సల్ అనలిటిక్స్ స్క్రీన్‌షాట్లతో నడిచింది. గూగుల్ అది ఆపి 2023 జూలై 1 నుంచి జీఏ4 (గూగుల్ అనలిటిక్స్ 4)కి మారిపోయింది, లెక్కకట్టే పద్ధతే మారింది, బౌన్స్ రేటుకి అర్థం కూడా పాతది కాదు. పాతదాంట్లో ఒక్క పేజీ చూసి వెళ్లిపోతే బౌన్స్. కొత్తదాంట్లో అదే ఒక్క పేజీ మీద 10 సెకన్లు దాటి ఉన్నా బౌన్స్ కాదు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి ట్రెండ్ గీశానంటే ఉద్యోగంలో మొదటి వారమే పరువు పోయేది.

ఇక కెరీర్ సెల్. బ్రోషర్లో దీనికి రెండు పేజీలు. రెజ్యూమె వర్క్‌షాప్, మాక్ ఇంటర్వ్యూలు, పాత విద్యార్థుల నెట్‌వర్క్, కంపెనీతో కలిసి చేసే క్యాప్‌స్టోన్ (కోర్సు చివరి) ప్రాజెక్టు, తొంభై పైచిలుకు శాతం ప్లేస్‌మెంట్. మనుషులు మంచివాళ్లు, మెయిల్ పెడితే జవాబిస్తారు, అందులో వంక లేదు. కానీ వాళ్లు నేర్పేదంతా తలుపు తట్టడం గురించే, తలుపు తెరిచాక ఏం మాట్లాడాలో వాళ్లకీ తెలీదు.

రెజ్యూమె వర్క్‌షాపే తీసుకోండి. రెండు సిట్టింగులు. మొదటిది మార్జిన్లు, ఫాంటు, ఒక పేజీ దాటకూడదు, రెజ్యూమెలని వడపోసే ఏటీఎస్ సాఫ్ట్‌వేర్ చదవగలగాలి. రెండోది కీవర్డులు. చివరికి నా రెజ్యూమెలో పైథాన్, ఆర్, టాబ్లో, పవర్ బీఐ అంటూ మొత్తం పద్నాలుగు టూల్స్ పేర్లు చేరాయి, వాటిలో నిజంగా చేయి తిరిగినవి నాలుగు. మా బ్యాచ్ మొత్తానికీ అదే టెంప్లేట్, అవే పద్నాలుగు. పైన పటారం లోన లొటారం అంటారే, అది. దాంతో మొదటి రెండున్నర నెలల్లో నూటముప్పై దాకా అప్లికేషన్లు పంపితే వచ్చిన కాల్స్ ఆరు.

ఆ ఆరింట్లో రెండు మాత్రం విడిగా చెప్పాలి, ఎందుకంటే నాకు బుద్ధొచ్చింది అక్కడే.

ఒకచోట ఇంటికి ఇచ్చే టెస్టు పంపారు. మూడు టేబుల్స్: ఆర్డర్లు, కస్టమర్లు, యాడ్ క్లిక్కులు. ఏ ఛానల్ వల్ల ఎంత ఆదాయం వచ్చిందో చెప్పమన్నారు. నేను ఆర్డర్ల టేబుల్ని క్లిక్కుల టేబుల్‌తో జాయిన్ చేసి (రెండింటినీ ఒకటిగా కలిపి), ఛానల్ వారీగా కూడి, అందమైన చార్టు గీసి, దాని మీద ఒక క్లస్టరింగ్ మోడల్ (ఒకేలాంటివాటిని గుంపులు చేసేది) కూడా ఎక్కించి పంపాను. మర్నాడు కాల్‌లో అవతలి ఆయన ఒక్కటే అడిగారు: "మీ చార్టులో మొత్తం కూడితే ఎంత? ఆర్డర్ల టేబుల్‌లో మొత్తం ఎంత?" కూడి చూస్తే నాది రెండు రెట్ల పైన ఉంది. ఏం జరిగిందంటే, ఒక మనిషి కొనేముందు మూడు యాడ్స్ నొక్కి ఉంటే, జాయిన్ చేసినప్పుడు ఆ ఒక్క ఆర్డరు మూడు వరుసలైంది, 500 విలువున్న ఆర్డరు 1,500 అయి కూర్చుంది. జాయిన్‌కి ముందు ఎన్ని వరుసలు, తర్వాత ఎన్ని వరుసలు అని ఒక్కసారి చూసుకుంటే దొరికిపోయే తప్పు. నేను చూసుకోలేదు. క్లాసులో ఎప్పుడూ ఒకే టేబులు కదా, చూసుకోవాలనే ఆలోచనే రాలేదు. ఆయన తిట్టలేదు, అదింకా ఇబ్బంది. "మోడల్ బాగుంది" అన్నారు, అంతే, మళ్లీ మెయిల్ రాలేదు.

రెండోది ఫోన్ ఇంటర్వ్యూ. ప్రశ్న ఇది: వారానికి 4,000 మంది వచ్చే సైటు, వందకి ఇద్దరు కొంటున్నారు, కొత్త పేజీ పెడితే ఆ 2 శాతం 2.2 అవుతుందని ఆశ, రెండు వారాల్లో ఏ/బీ టెస్ట్ (సగం మందికి పాత పేజీ, సగం మందికి కొత్తది చూపించడం) చేసి తేల్చాలి, ఎలా చేస్తారు? నేను ఎత్తుకోవడమే పీ-వాల్యూ, బేసియన్ పద్ధతి అంటూ ఎత్తుకున్నా. నేల విడిచి సాము. ఆవిడ మొత్తం విని, ఎంతమంది కావాలో లెక్క కట్టారా అని అడిగారు. అప్పుడు కాగితం మీద వేశా. మామూలుగా పెట్టుకునే 5 శాతం సిగ్నిఫికెన్స్ (లేని తేడా ఉందనుకునే ప్రమాదం), 80 శాతం పవర్ (ఉన్న తేడా పట్టుకునే అవకాశం) లెక్కన అంత చిన్న తేడా పట్టుకోవాలంటే ఒక్కో గ్రూపుకి సుమారు 80,000 మంది కావాలి. రెండు గ్రూపులకి 1,60,000. వారానికి 4,000 చొప్పున నలభై వారాలు. అంటే జవాబు "ఇలా చేస్తాను" కాదు, "ఈ టెస్టు వద్దు" అన్నది. పేజీలో చిన్న మార్పు కాకుండా పెద్ద మార్పు పెట్టి చూద్దాం, లేదంటే కొనడం కాకుండా అంతకుముందు మెట్టు, కార్ట్‌లో వేసుకోవడం కొలుద్దాం, అది ఎక్కువమంది చేస్తారు కాబట్టి తొందరగా తేలుతుంది, ఇలా చెప్పాలి. ఇదే ఫార్ములాకి పరీక్షలో నాకు పూర్తి మార్కులు వచ్చాయి. కానీ పరీక్షలో అంకెలన్నీ వాళ్లే ఇచ్చి, శాంపిల్ సైజు కనుక్కోండి అని అడుగుతారు. ఇక్కడ ఎవరూ అడగరు, మనకే తట్టాలి.

కెరీర్ సెల్‌కి ఆ రెండు స్టార్లు ఎందుకిచ్చానంటే, ఒక మాక్ ఇంటర్వ్యూ. జాబితాలో పేరు రాస్తే వంతు రావడానికి రెండు నెలలు పట్టింది, మొత్తం నలభై నిమిషాలు, చేసింది మాకంటే ఐదారేళ్ల ముందు బ్యాచ్ సీనియర్ ఒకావిడ. నా క్యాప్‌స్టోన్ గురించి చెప్పమన్నారు. ఆ ప్రాజెక్టు గురించి రెండు ముక్కలు: పన్నెండు వారాల ప్రాజెక్టులో తొమ్మిది వారాలు కంపెనీ లీగల్ టీమ్ డేటా ఇవ్వడానికి ఒప్పుకునేదాకా ఎదురుచూశాం, మిగిలిన మూడు వారాల్లో కే-మీన్స్ వేసి కస్టమర్లని నాలుగు గుంపులు చేసి, ఒక్కో గుంపుకి ముద్దుపేరు పెట్టి, ప్రెజెంటేషన్ ఇచ్చాం. చప్పట్లు కొట్టారు. ఆ ఫైలు మళ్లీ ఎవరైనా తెరిచారంటే నేను నమ్మను.

అదంతా ఆవిడకి ఉత్సాహంగా చెప్పాను. విని, "సరే బాగుంది, అయితే సోమవారం పొద్దున ఆ కంపెనీ వాళ్లు ఏం మార్చాలి?" అన్నారు.

నేను నీళ్లు నమిలాను. రెండో గుంపు మీద దృష్టి పెట్టాలండి అన్నా. "దృష్టి పెట్టడమంటే ఏంటి? ఎవరికి పంపే మెయిల్ ఆపాలి? ఏ డిస్కౌంటు తీసేయాలి? ఎంత మిగులుతుంది?" నా దగ్గర ఒక్కదానికీ జవాబు లేదు. ఆవిడ నవ్వి, "నువ్వు నాకు పనిముట్లు చూపిస్తున్నావు, నేను అడిగేది ఏం కట్టావని" అన్నారు. మిగతా ముప్పై నిమిషాలూ నా ప్రాజెక్టులన్నిటికీ అదే ప్రశ్న. రెండేళ్లలో ఏ ప్రొఫెసరూ అడగని ప్రశ్న అది. అడగకపోవడం వాళ్ల తప్పని కూడా అనలేను, సిలబస్‌లో ఎక్కడ పెడతారు దాన్ని?

ఆ తర్వాత రెజ్యూమె మొత్తం తీసేసి మళ్లీ రాశా. పద్నాలుగు టూల్స్ ఐదయ్యాయి. "కే-మీన్స్ ఉపయోగించి సెగ్మెంటేషన్ చేశాను" అన్న లైను పోయి, ఎవరికి డిస్కౌంటు మెయిళ్లు ఆపొచ్చని సూచించామో, ఎందుకో వచ్చింది. నిజానికి ఆ సూచన అప్పటికి చేయలేదు. మళ్లీ రిపోర్టు తెరిచి, అందులో ఉన్న అంకెలతోనే రాసి, క్యాప్‌స్టోన్ కంపెనీలో మా గైడుకి పంపి ఒప్పించాకే రెజ్యూమెలో పెట్టా. ఇంటర్వ్యూలో తవ్వితే దొరికిపోయేవి రాయకండి, చాలామంది అక్కడే పడతారు.

ఇంకొకటి సొంతంగా చేశా, డబ్బు ఖర్చు లేకుండా. గూగుల్ తన మర్చండైజ్ స్టోర్ జీఏ4 డేటాని, వివరాలు మసకచేసి, బిగ్‌క్వెరీ అనే తన డేటాబేస్ సర్వీసులో అందరికీ పెట్టింది. 2020 నవంబర్ నుంచి 2021 జనవరి వరకు, మూడు నెలలది. శాండ్‌బాక్స్ (ఉచిత) అకౌంటుకి కార్డు వివరాలు కూడా అడగదు. క్లాసులో ఎప్పుడూ చూడని గజిబిజి అందులో ఉంది: ఒక్కో ఈవెంటు (సైటులో మనిషి చేసే ఒక్కో పని) లోపల ఇంకో జాబితా, దాన్ని విప్పి పరిస్తే గానీ పేజీ పేరు కూడా కనపడదు. విప్పేటప్పుడు మళ్లీ అదే వరుసలు పెరిగిపోయే గొడవ. ఈసారి మాత్రం ప్రతి మెట్టు దగ్గరా వరుసలు లెక్కపెట్టా. మూడు వారాలు కూర్చుని, కార్ట్‌లో వేసుకుని కొనకుండా వెళ్లిపోతున్నవాళ్లు ఎక్కడ జారిపోతున్నారో పట్టుకుని, ఒకటిన్నర పేజీ నోట్ రాశా. డాష్‌బోర్డు లేదు, మోడల్ లేదు. రెండు చార్టులు, ఒక టేబులు, "సోమవారం ఏం మార్చాలి" అన్న హెడ్డింగు కింద మూడు వాక్యాలు. దాన్ని సీనియర్‌కి పంపితే రెండో చార్టు కూడా అనవసరం, తీసెయ్ అన్నారు. తీసేశా.

ఉద్యోగాల పేర్ల గురించి కెరీర్ సెల్ ఒక్క గంట కూర్చోబెట్టి చెప్పినా నాకు నెల కలిసొచ్చేది. మార్కెటింగ్ అనలిస్ట్ అని ఒకచోట వేస్తే అది ప్రతి సోమవారం రిపోర్టు తయారుచేసే పని, ఇంకోచోట అదే పేరుకి బడ్జెట్ ఎక్కడ పెట్టాలో తేల్చే పని. గ్రోత్ అనలిస్ట్ అంటే ఎక్కువగా ప్రయోగాలు, సీఆర్‌ఎమ్ అనలిస్ట్ అంటే మెయిళ్లు, మెసేజీలు, పాత కస్టమర్లని నిలబెట్టుకోవడం, ప్రొడక్ట్ అనలిస్ట్ అంటే యాప్ లోపల జనం ఏం చేస్తున్నారన్నది. డేటా సైంటిస్ట్ అని ఉంటే స్టాటిస్టిక్స్‌లోనో కంప్యూటర్ సైన్సులోనో డిగ్రీ ఉన్నవాళ్లతో పోటీ, అక్కడ మనది రెండో వరుస, ఒప్పుకోవాలి. ఏజెన్సీల్లో ఒకేసారి నాలుగైదు క్లయింట్లు, ఊపిరి ఆడదు కానీ మొదటి ఏడాదిలో చూసే రకాల డేటా ఇంకెక్కడా చూడం. కంపెనీ లోపలైతే ఒకే వ్యాపారం లోతుగా తెలుస్తుంది, మన సూచన అమలైందో లేదో కళ్లతో చూస్తాం. నేను పేరు చూసి అప్లై చేయడం మానేసి, ప్రకటనలో క్రియలు చదవడం మొదలుపెట్టా. "రిపోర్టులు తయారుచేయాలి" ఎన్నిసార్లుంది, "సిఫారసు చేయాలి" ఎన్నిసార్లుంది.

మా కోర్సులో ఎలక్టివ్‌గా ఉండి, పదకొండు మంది మాత్రమే తీసుకున్న మార్కెటింగ్ మిక్స్ మోడలింగ్ పేపరు గురించి కూడా చెప్పాలి. పాత పద్ధతి, మొత్తం ఖర్చులు, మొత్తం అమ్మకాలు వారాలవారీగా పెట్టి ఏ ఛానల్ ఎంత లాగిందో రిగ్రెషన్‌తో తేల్చడం. 2021 ఏప్రిల్‌లో ఆపిల్ తన ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 14.5తో యాప్‌లు ట్రాక్ చేయడానికి మనిషిని అడిగి తీరాలని పెట్టాక, ఒక్కొక్కరి వెంట పడి కొలవడం కష్టమైంది. క్రోమ్‌లో థర్డ్ పార్టీ కుకీలు (సైటు నుంచి సైటుకి మనిషి వెంట పడే గుర్తులు) తీసేస్తామని గూగుల్ 2020లో చెప్పి, వాయిదాలు వేసి వేసి, 2024 జూలైలో ఆ ఆలోచన మానుకుంది. ఈలోపు చాలా కంపెనీలు మళ్లీ ఈ పాత పద్ధతి వైపు తిరిగాయి. మెటా రాబిన్ అని, గూగుల్ మెరిడియన్ అని ఎవరైనా వాడుకునేలా కోడ్ కూడా బయట పెట్టాయి. నాకు ఇంటర్వ్యూల్లో ఎక్కువసేపు మాట్లాడటానికి దొరికిన విషయం ఇదే. కష్టమని ఎలక్టివ్ వదిలేసిన స్నేహితులు ఇప్పుడు రాత్రిళ్లు కూర్చుని నేర్చుకుంటున్నారు.

ఆఫర్ వచ్చింది ఏడో నెలలో. సీనియర్ నా నోట్‌ని తన పాత టీమ్‌లో ఒకరికి పంపారు, వాళ్లు పిలిచారు. రెండో రౌండులో, సెర్చ్ యాడ్స్ రిపోర్టులో మా బ్రాండ్ పేరు మీద వచ్చే యాడ్స్‌కే లాభం అందరికంటే ఎక్కువ చూపిస్తోంది, బడ్జెట్ పెంచుదామా అని అడిగారు. ఈబే క్లాసు కళ్ల ముందు తిరిగింది. పెంచేముందు కొన్ని ప్రాంతాల్లో ఆపి చూద్దామండి, అమ్మకం తగ్గకపోతే ఆ డబ్బు ఇంకెక్కడైనా పెట్టొచ్చు అన్నా. ప్రొఫెసర్‌కి ఆ సాయంత్రమే థాంక్స్ మెయిల్ పెట్టా.

చేరాక మొదటి పని ఏంటో తెలుసా? ఛానళ్ల పేర్లు సరిచేయడం. మనిషి ఎక్కడినుంచి వచ్చాడో తెలియడానికి లింకులకి తగిలించే యూటీఎమ్ ట్యాగుల్లో ఒకరు ఫేస్‌బుక్ అని చిన్న అక్షరాల్లో, ఒకరు మొదటి అక్షరం పెద్దగా, ఒకరు ఎఫ్‌బీ, ఇంకొకరు ఎఫ్‌బీ యాడ్స్ అని రాసుకుంటూ పోయారు. జీఏ4కి చిన్న అక్షరం వేరు, పెద్ద అక్షరం వేరు, కాబట్టి రిపోర్టులో ఒక్క ఛానల్ నాలుగు ఛానళ్లు. పదకొండు రోజులు పట్టింది, అందులో కోడ్ రాసింది ఒకటిన్నర రోజు, మిగతాదంతా మార్కెటింగ్ టీమ్‌లో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి ఇకమీదట ఇలా రాయండి అని బతిమాలడం. బతిమాలడం మీద మాకు పేపరు లేదు.

చేరాలనుకునేవాళ్లు ప్లేస్‌మెంట్ శాతం చూసి ఆగిపోకండి, ఆ శాతం లెక్కలో కింద హారంలో ఎవరున్నారో అడగండి. మా దగ్గర ఫారం నింపనివాళ్లని, ఉద్యోగం వెతకడం లేదని టిక్ పెట్టినవాళ్లని లెక్కలోంచి తీసేస్తారు, అందుకే తొంభై దాటుతుంది. మొత్తం బ్యాచ్‌లో ఎంతమంది వివరాలు తెలుసు, వాళ్లలో ఈ డిగ్రీకి తగ్గ పని ఎంతమందిది, ఈ రెండూ అడిగితే ఫోన్‌లో అవతలివైపు కాస్త నిశ్శబ్దం వస్తుంది.

నాకూ ఆ ఫారం వచ్చింది, ఉద్యోగంలో చేరిన నెలకి. "కెరీర్ సెల్ ద్వారా ఉద్యోగం పొందారా?" అవును, కాదు, రెండే గడులు. చాలాసేపు చూస్తూ కూర్చున్నా. లాస్ట్ క్లిక్ (చివరి అడుగుకే పేరంతా ఇచ్చే) లెక్కన చూస్తే ఉద్యోగం ఇప్పించింది సీనియర్ పంపిన ఫార్వర్డ్. ఫస్ట్ క్లిక్ లెక్కనైతే ఆవిడ నాకు తెలిసిందే కెరీర్ సెల్ వల్ల. సగం సగం పంచుదామంటే గడి లేదు. అట్రిబ్యూషన్ (ఫలితంలో ఎవరికెంత పేరు ఇవ్వాలన్నది) మీద రెండేళ్లు చదివి, నా సొంత కేసు తేల్చలేకపోయా. చివరికి అవును అని టిక్ పెట్టి, కింద కామెంట్లో ఆ నలభై నిమిషాల మాక్ ఇంటర్వ్యూని రెజ్యూమె వర్క్‌షాప్ కంటే ముందు, మొదటి సెమిస్టర్లోనే అందరికీ పెట్టించండి అని రాశా. ఆటోమేటిక్ థాంక్యూ మెయిల్ వచ్చింది.